కళింగపట్నంలో త్రిశంకు

శ్రీకాకుళంలో మే 13న మధ్యాహ్నం నీడ మాయమవుతుందని, రాత్రికి చుక్కలు కూడా చూపిస్తారని తెలిసి, విజయనగరంలో పొద్దున్నే పాసింజరెక్కాం నేనూ, మా మేనల్లుడూ. ఆమదాలవలసలో దిగి ఆటోలో ఊళ్లోకి చేరేసరికే చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి.

స్కూలు గ్రౌండులో పీవీసీ పైపు ముక్క ఒకటి నిలబెట్టారు. దాని చుట్టూ పిల్లలు గొంతుక్కూర్చున్నారు. శ్రీకాకుళం దాదాపు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. సూర్యుడు కూడా అంతే ఉత్తరానికి వచ్చిన రోజున సరిగ్గా నడినెత్తికొస్తాడు. అలాగని పన్నెండయ్యేదాకా ఆగితే లాభం లేదు, ఇక్కడ అది 11:50 ప్రాంతంలోనే అయిపోతుంది. పైపు నీడ సన్నటి అంచుగా మిగిలి, చివరికి అదీ పోయింది. మావాడు "నా నీడేదీ?" అంటూ తన కాళ్ల చుట్టూ తనే తిరిగాడు.

తర్వాత గాలి నింపిన గుడారంలో ప్లానెటోరియం షో. పాక్కుంటూ లోపలికి దూరాలి. బొమ్మలు బాగానే ఉన్నాయి గానీ, ఆ ఉక్కకి ఎప్పుడు బయటపడదామా అనిపించింది.

అసలు ప్రోగ్రాం రాత్రిదే. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికి బస్సులో తీసుకెళ్లారు. లైట్‌హౌస్ వెలుగు కళ్లల్లో పడకుండా దానికి వీపు తిప్పి ఇసకలో కూర్చున్నాం. తొమ్మిదింటికి దక్షిణాన, నీళ్లకి కాస్త పైన నాలుగు చుక్కలు తేలాయి. త్రిశంకు! ఇంగ్లీషులో సదరన్ క్రాస్ అనే నక్షత్రాల గుంపు ఇదే. చెయ్యి చాచి పిడికిలి పట్టి చూస్తే, నీటి అంచు నుంచి ఇంచుమించు అంత ఎత్తు. దానికి ఎడమ పక్కన ఇంకో రెండు పెద్ద చుక్కలు. వాటిలో కిందది ఆల్ఫా సెంటారీ, 4.3 కాంతి సంవత్సరాల దూరం. సూర్యుణ్ణి పక్కన పెడితే మనకి అంత దగ్గరి చుట్టాలు ఇంకెవరూ లేరు.

వలలు సర్దుకుంటున్న ఓ పెద్దాయన వచ్చి, "ఏటి బాబూ, ఈ సుక్కల కోసమా ఇంత దూరం వొచ్చినారు?" అని నవ్వాడు. ఆయనకి రోజూ చూసేవే మరి. ఢిల్లీ నుంచి చూస్తే త్రిశంకు నేలకి అంటుకుపోయి, దుమ్ములో దొరకదు. దక్షిణాన సముద్రం ఉన్న మనకి మాత్రం టికెట్ లేకుండా దొరుకుతుంది. హైదరాబాద్ బిర్లా ప్లానెటోరియం నేను చూశాను, బాగుంటుంది. కానీ నా ఓటు ఈ ఇసకకే.

వెళ్లాలనుకుంటే మే నెలలో అమావాస్యకి దగ్గరి రాత్రులు చూసుకోండి. జులై నెలాఖరులో నీడ మళ్లీ ఓసారి మాయమవుతుంది గానీ, ఆ వానల్లో మబ్బుల్ని నమ్ముకుని బయల్దేరలేం.