డాబా మీద టెలిస్కోపు, శ్లాబు వణుకు

ఈ రోజు ఆదివారం కావడంతో, రాత్రి బృహస్పతిని చూడటానికి కావలసిన ఏర్పాట్లన్నీ తీరికగా చేసుకున్నాను. మంచి ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) కొంటే టెలిస్కోపు కదలదని చాలామంది అంటారు గానీ, డాబా మీద అసలు పేచీ ఆ కాళ్ల కింది శ్లాబుతోనే. మీటరు ఎడంగా నిలిచిన కాళ్లలో ఒకటి మిల్లీమీటరులో నూరో వంతు దిగినా టెలిస్కోపు సుమారు 2 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వాలుతుంది. టెలిస్కోపులోని 6 అంగుళాల అద్దం చూపగల అతి సన్నని వివరం 1 ఆర్క్ సెకనుకు లోపే కాబట్టి, పక్కన ఎవరైనా అడుగు వేస్తే చాలు, బృహస్పతి మీది మేఘాల పట్టీలు అలుక్కుపోతాయి.

చీకటి పడ్డాక స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి, కింద హాలు నడిమికి సరిగ్గా పైన పెట్టి, మా అబ్బాయిని మెట్ల గది నుంచి ట్యాంకు దాకా మామూలుగా నడవమన్నాను. నీటిలో కనిపిస్తున్న బల్బు వెలుగు వాడి ప్రతి అడుగుకూ ముక్కలైంది. వాడు ఆగిన తరువాత కూడా కాసేపు వణికింది. పై అంతస్తు కోసం వదిలిన చువ్వలు లేచి ఉన్న మూలకు, అంటే పిల్లర్ పక్కకు, అదే పళ్లెం జరిపితే వెలుగు కొద్దిగా అదిరి వెంటనే నిలిచింది. దూలాల నడుమ శ్లాబు వంగినట్టు పిల్లర్ దగ్గర వంగదు. అక్కడి బరువు నేరుగా పునాదికి దిగుతుంది. పెద్ద వేధశాలల్లో టెలిస్కోపు స్తంభాన్ని గది నేలకు తగలనీయకుండా భూమిలోంచి విడిగా లేపుతారు. ఇంటి మీద ఆ వీలు లేదు కనుక, ఉన్నంతలో పిల్లరే మనకు దిక్కు.

ట్రైపాడ్ కాళ్లను పూర్తిగా కుదించి, వాటి కింద మందపాటి రబ్బరు ముక్కలు వేసి, నడుమ ఇటుకల సంచి వేలాడదీశాను. కింది వాటా పిన్నిగారిని అడిగితే, తొమ్మిదింటికల్లా ట్యాంకు నింపి మోటారు ఆపేస్తామన్నారు. ఆ సాయం ఏ పరికరానికీ తీసిపోదు. అబ్బాయి ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) దగ్గర ఉన్నంతసేపూ నేను కుర్చీలోంచి లేవలేదు.

ట్యూబును వేలితో తడితే బొమ్మ రెండు సెకన్లలోపే కుదురుకుంది. 150 రెట్లు పెద్దది చేసి చూస్తే ముఖ్యమైన పట్టీలు రెండూ విడివిడిగా కనిపించాయి. వచ్చే వారం రబ్బరు తీసేసి, దాని వంతు ఎంతో విడిగా చూడాలి.