ఆరోగ్య వ్యాసానికి యాభైకి పదిహేడు వచ్చాక

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్-1 టెస్ట్ సిరీస్ పేపర్లు చేతికిచ్చే రోజు ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పేపరు తీసుకోగానే మార్కుల గడి మీద బొటనవేలు పెట్టేస్తాం. మెట్ల దాకా వచ్చి, పక్కన ఎవరూ తొంగిచూడట్లేదని తేల్చుకుని, వేలు మెల్లగా జరుపుతాం. నా వేలు కింద 17 ఉంది. యాభైకి.

అంశం 'అందరికీ ఆరోగ్యం, శ్రేయస్సు: అసమాన దేశాల మధ్య ఒకే లక్ష్యం'. నాకు కొట్టినపిండి అనుకున్న అంశం. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదం, 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు, మూడోది ఆరోగ్యం, దాని కింద 13. ఆ పదమూడూ వరసగా దించేశాను. మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం, చివర్లో సర్వే జనాః సుఖినోభవంతు. మొత్తం ఏడు పేజీలు. దిద్దిన సార్ నాలుగో పేజీలో తప్ప ఎక్కడా కలం పెట్టలేదు. '2018-20లో మన దేశంలో లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 97కి తగ్గాయి' అన్న నా వాక్యం కింద గీత గీసి, పక్కన ఎర్ర పెన్నుతో రెండే మాటలు రాశారు: 'సగటు ఎవరిది?'

కోపమొచ్చింది. అంకె తప్పు కాదు, సంవత్సరం తప్పు కాదు, ఈయనకు ఇంకేం కావాలి? అదే గొణుక్కుంటూ ఇందిరా పార్కు దాకా నడిచాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందే చెప్తున్నాను, నేను ర్యాంకర్‌ని కాను. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే 150 మార్కుల పేపరు, మూడు గంటల్లో మూడు వ్యాసాలు. అందులో ఆరోగ్యం అనే ఒక్క అంశం మీద నేను పడ్డ పాట్లు మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. ఎకానమీ పేపరుకూ ఇది పనికొచ్చింది.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మా అమ్మ పదిహేనేళ్లకు పైగా ఆశా కార్యకర్త. ఇన్నేళ్లూ ఆమె పని మా ఇంట్లో ఒక మూలన జరుగుతూనే ఉంది గానీ, అది నా సిలబస్ అని నాకు తట్టలేదు. ఆ రాత్రి హాస్టల్ కిరాయి సంగతి మాట్లాడుతూ, ఊరికే అడిగాను: కాన్పుల తల్లులు ఎందుకు చచ్చిపోతారమ్మా అని.

'ఎందుకేంది బిడ్డా. ముందుగాల అత్తమామలు దవాఖానకు తీస్కపోదాం అనాలె. అన్నంక బండి దొరకాలె. బండి దొరికి పోతే ఆడ డాక్టరమ్మ ఉండాలె, రక్తం ఉండాలె. మూడిట్ల ఏది లేటైనా పానం మీదికొస్తది.'

మర్నాడు చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుంటే అదే మాట ఇంకో వేషంలో కనబడింది. సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ 1994లో చెప్పిన 'మూడు జాప్యాల' నమూనా: వైద్యం కోసం వెళ్లాలని నిర్ణయించుకోవడంలో జాప్యం, చేరుకోవడంలో జాప్యం, చేరాక సరైన వైద్యం అందడంలో జాప్యం. మా అమ్మ ఫోన్‌లో చెప్పిన వరసే. నా ఏడు పేజీల్లో రక్తస్రావం ఉంది, గుర్రపువాతం (బీపీ పెరిగి గర్భిణికి వచ్చే ఫిట్స్) ఉంది, ఇన్‌ఫెక్షన్ ఉంది. అవి చావుకు పేర్లు. ఆ జబ్బులు నార్వే ఆడవాళ్లకూ వస్తాయి, చాద్ ఆడవాళ్లకూ వస్తాయి. తేడా అంతా ఆ మూడు లేట్లలోనే ఉంది.

దసరాకు ఇంటికెళ్లినప్పుడు అమ్మ రిజిస్టరు మొదటిసారి సరిగ్గా చూశాను. అట్ట ఊడిపోతే నా ఇంటర్ జువాలజీ పుస్తకం అట్ట చింపి అంటించుకుంది. గర్భిణుల పేర్ల పక్కన ఆమెకే తెలిసిన గుర్తులు. రక్తం తక్కువున్నోళ్లకు చుక్క, బీపీ ఉన్నోళ్లకు అడ్డగీత, మొగుడు వలస పోయినోళ్లకు సున్న. ఈ మూడోది ఆమెకిచ్చిన ఫారంలో లేదు. రాత్రిపూట నొప్పులొస్తే బండి పిలిచే మనిషి ఇంట్లో లేడని దాని అర్థం. ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక అంశాలు అని మనం కోచింగ్ నోట్సులో అరపేజీ రాసుకునేది ఆ సున్నలోనే ఉంది.

ఇక సార్ అడిగిన సగటు సంగతి. 2023లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 2 లక్షల 60 వేల మంది తల్లులు గర్భం వల్లో కాన్పు వల్లో చనిపోయారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. నిష్పత్తి లక్షకు 197. ఇక్కడితో ఆపితే అది బిట్టు, జవాబు కాదు. విడదీసి చూడండి. తక్కువ ఆదాయ దేశాల్లో అది 346, సంపన్న దేశాల్లో 10. ఆ చావుల్లో సుమారు 70 శాతం సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికాలోనే. 2030 నాటికి 197ను 70 లోపుకి తేవాలన్నది ఉపలక్ష్యం 3.1. మన మెటీరియల్‌లో ఆ 70 ఉంటుంది గానీ దానికి తోడుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఇంకో షరతు ఉండదు: ఏ ఒక్క దేశంలోనూ 140 దాటకూడదు. ఆ షరతు ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటే, బాగున్న దేశాలు ఇంకా బాగుపడి సగటును కిందికి లాగేసి, నైజీరియా ఉన్నచోటే ఉండిపోయినా లెక్క సరిపోతుంది కాబట్టి. ఇది అర్థమైన రోజు నా 17 మీద కోపం సగం తగ్గింది.

దేశం లోపలా ఇదే కథ. ఆ 97 వచ్చిన 2018-20 లెక్కల్లోనే కేరళ 19, తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45, అస్సాం 195. 97 అనే రాష్ట్రం ఆ జాబితాలో ఎక్కడా లేదు. అసమాన దేశాలు అనగానే ఆఫ్రికా, అమెరికా అని పరుగెత్తుతాం. అసమానత మన పటంలోనే ఉంది.

ఒక మెలిక కూడా ఉంది, దీన్ని మాత్రం వదలకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటులో అయితే 81.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985 నుంచి చెబుతూ వచ్చిన లెక్క 10 నుంచి 15 శాతం. ఒకచోట కోత పెట్టే డాక్టరు లేక తల్లి చస్తుంది, ఇంకోచోట అక్కర్లేకున్నా కోత పెడతారు. అందులో పంతులు రాసిచ్చిన ముహూర్తానికి పెట్టేవి కూడా ఉన్నాయి, మనందరి చుట్టాల్లోనూ ఒకళ్లున్నారు. కాబట్టి 'సేవలు పెరిగితే ఆరోగ్యం పెరుగుతుంది' అని గుడ్డిగా రాయకండి. మాతృ మరణాల అంకె బాగున్న మన రాష్ట్రంలోనే 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత ఉందని అదే సర్వే చెబుతోంది. తల్లి బతికింది సరే, శ్రేయస్సు మాటేంటి? లక్ష్యం పేరులోనే ఆ రెండో మాట ఉంది, మనం పలకడం మర్చిపోతాం.

ప్రాథమిక వైద్యం మీద ఆల్మా ఆటా ప్రకటన 1978, మన దేశ వైద్య సేవలకు ప్రణాళిక వేసిన భోర్ కమిటీ 1946, ఆదాయానికీ ఆయుర్దాయానికీ సంబంధం చూపిన ప్రెస్టన్ వక్రం 1975. ఇవి మీ దగ్గర ఎలాగూ ఉంటాయి, ఒక్కోటి ఒక్క వాక్యానికి మించి రాయకండి. ప్రెస్టన్ దగ్గర మాత్రం కేరళ, శ్రీలంక పేర్లు వాడుకోండి. డబ్బు తక్కువున్నా ఆయుష్షు పెంచుకోవచ్చని చూపించడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణలు లేవు.

మధ్యలో నాకు డెంగీ వచ్చింది. ఆగస్టు నెల, గాంధీనగర్‌లో మా హాస్టల్ డాబా మీద పాత కూలరు, దాని అడుగున నెల నాటి వాననీళ్లు. ఇదే జంటనగరాల్లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు, 1902లో నోబెల్ కూడా అందుకున్నాడు. మేము 'అనాఫిలిస్ మలేరియా, ఏడిస్ డెంగీ' అని బిట్లు చదువుకుంటూ ఆ కూలరు పక్కనే బట్టలారేసుకునేవాళ్లం. ఒక్కరికీ దాన్ని వంచి పారబోయాలని తోచలేదు.

జ్వరం 103 దాటాక రూమ్మేట్ దగ్గర్లోని ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్లింది. మూడు రోజులు, రోజుకు రెండుసార్లు ప్లేట్‌లెట్ పరీక్ష, సెలైన్లు. బిల్లు 14 వేలు. నాన్న ఎరువుల కోసం పక్కన పెట్టిన పైసలు ఫోన్‌పేలో వచ్చాయి, యూరియా అప్పు మీద తెచ్చుకున్నాడు. తగ్గాక తెలిసింది, మా హాస్టల్ వెనక గల్లీలోనే ఉచితంగా చూసే బస్తీ దవాఖానా ఉందని. 2018లో నగరంలో ఇవి మొదలయ్యాయని నా నోట్సులో అండర్‌లైన్ చేసి మరీ ఉంది! నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి కూడా ఎంతో దూరం కాదు. మా మేనమామ ఇప్పటికీ దాన్ని కోరంటి దవాఖాన అంటాడు, క్వారంటైన్ జనం నోట్లో నలిగి కోరంటి అయింది.

మంచంలో పడుకుని చదివింది ఒక్కటే, వైద్యం ఖర్చు ఇంటి మీద ఎంత భారం పడిందో కొలిచే సూచిక 3.8.2. 2025లో నిర్వచనం మార్చేదాకా, ఇంటి మొత్తం ఖర్చులో వైద్యానికి పెట్టింది 10 శాతం దాటితే ఒక గీత, 25 శాతం దాటితే ఇంకో గీత ఉండేవి. మా ఇంటి ఏడాది ఖర్చు లక్షా ముప్పై వేలు. 14 వేలను దాంతో భాగించి చూశాను. పది దాటింది. వైద్యం ఖర్చుతో ఆర్థికంగా దెబ్బతింటున్నవాళ్లు ప్రపంచంలో 200 కోట్ల మంది అని 2023 నివేదిక చెబితే, ఆ లెక్కలో మాలాంటి ఇళ్లే ఉంటాయి. మన దేశంలో జనం జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కి 39.4కి తగ్గింది. ఈ అంకె రాసేటప్పుడు జాతీయ ఆరోగ్య విధానం 2017 పెట్టుకున్న లక్ష్యం పక్కనే రాయండి: 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతం. ఆ రెండూ కలిపి రాస్తేనే దిద్దేవాళ్లకు మీరు ఆలోచించారని తెలుస్తుంది. మీ డెంగీ కథ మాత్రం రాయకండి, ఒకసారి రాసి చూశాను, సార్ ప్రశ్నార్థకం పెట్టారు.

మందుల భాగానికి ఉదాహరణలు మన దేశంలోనే దొరుకుతాయి. ఉపలక్ష్యం 3.బి ప్రపంచ వాణిజ్య సంస్థ 2001 దోహా ప్రకటనను పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. పేటెంటు హక్కు ప్రజారోగ్యానికి అడ్డం రాకూడదన్నది దాని సారం. అదే ఏడాది మన మందుల కంపెనీ సిప్లా హెచ్‌ఐవీకి మూడు మందుల కలయికను మనిషికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానంది. అప్పటిదాకా అది పదివేల డాలర్ల పైమాట. 2013 ఏప్రిల్‌లో నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు మన పేటెంటు చట్టంలోని సెక్షన్ 3(డి)ని, అంటే పాత మందును కొద్దిగా మార్చి మళ్లీ పేటెంటు అడగొద్దన్న నిబంధనను, నిలబెట్టింది. 2020 అక్టోబరులో కోవిడ్ టీకాలకూ మందులకూ పేటెంటు మినహాయింపు కావాలని భారత్, దక్షిణాఫ్రికా అడిగాయి. 2022 జూన్‌లో తెగింది, అదీ టీకాలకే పరిమితమై. ఈలోగా సంపన్న దేశాలు బూస్టర్లు వేసుకున్నాయి.

ఈ మందుల దగ్గరే, భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరు వస్తుంది. ఆయన బృందం తెచ్చిన హెట్రజాన్, అంటే డీఈసీ, ఇవాళ్టికీ బోదకాలు మీద ఆయుధం. మా అమ్మ ఇంటింటికీ తిరిగి 'నా ముంగటనే మింగుండ్రి' అని నిలబడి మింగించే గోళీ అదే. బోదకాలు ఉపలక్ష్యం 3.3లోని 'నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల' జాబితాలో ఉంది. డెంగీ కూడా ఉంది. జబ్బు నిర్లక్ష్యానికి గురవలేదు, అది వచ్చే మనుషులే గురయ్యారు అని నా నోట్సులో పక్కన రాసుకున్నాను. వ్యాసంలో వాడదామని దాచుకున్నాను గానీ ఇంకా అవకాశం రాలేదు, మీకు కావాలంటే తీసుకోండి.

ప్రిలిమ్స్ వాళ్లకు ఒక ఉచ్చు. అన్నిటికీ గడువు 2030 అని టిక్కు పెట్టకండి. రోడ్డు ప్రమాద మరణాలను సగానికి తగ్గించాలన్న 3.6కి పెట్టిన గడువు 2020. అది తీరకుండానే వెళ్లిపోయింది. 2021లో కూడా ప్రపంచంలో 11 లక్షల 90 వేల మంది రోడ్ల మీద పోయారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటుతున్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

నోట్సు ఇప్పుడు ఎలా రాస్తున్నానంటే, ప్రతి ఉపలక్ష్యానికీ ఒక కాగితం. పైన ప్రపంచ అంకె, దాని కింద ఇద్దరు: బాగున్నవాళ్లు, బాగులేనివాళ్లు. వాళ్లిద్దరి మధ్య తేడా ఎలా వచ్చిందో రెండు వాక్యాలు, మా అమ్మకు ఫోన్‌లో చెబితే అర్థమయ్యేలా. అర్థం కాకపోతే మళ్లీ రాస్తాను. నిజంగానే ఫోన్ చేస్తాను. ప్రెస్టన్ వక్రం మూడోసారికి అర్థమైంది ఆమెకు. అంతా విని, 'గదా, పైసలుంటెనే సరిపోదని గీత గీసి చెప్పిండా ఆయన' అంది.

రెండు నెలల తర్వాత దాదాపు అదే అంశం మళ్లీ ఇచ్చారు. ఈసారి వేలు కింద 27. మొదటి పేజీలోనే రాష్ట్రాల అంకెలతో మొదలుపెట్టాను, మూడు జాప్యాలు రాశాను, 140 షరతు రాశాను. ఎర్ర పెన్ను ఒక్కచోటే ఉంది. తొందరలో 195ని బిహార్‌కి అంటగట్టాను. అది అస్సాంది. బిహార్‌ది 118. సరిచేసి రాసుకోండి.