ఒకే బల్ల మీద నాలుగు ఊళ్లు

సింగపూర్ చేరిన రోజు రాత్రి, తెనాలి భోజనం మధ్యలో లేచి వెళ్లింది.

హాస్టల్లో మమ్మల్ని పేర్లతో కాకుండా ఊళ్లతో పిలిచేవారు. ఇరవై ఎనిమిదేళ్లయినా ఆ అలవాటు పోలేదు కనుక ఇక్కడా అలాగే రాస్తాను. తెనాలి పుట్టు శాకాహారి. కార్తీకమాసం వస్తే ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తుంది. కర్నూలు మాంసం ఇష్టంగా తింటుంది, కానీ హలాల్ అని తెలిస్తేనే. కాకినాడకు చేప లేనిదే ముద్ద దిగదు. పదహారేళ్లుగా ఉద్యోగం, కాపురం అన్నీ సింగపూర్‌లోనే. మమ్మల్ని రమ్మని పట్టుబట్టింది తనే. నేను వరంగల్. కోడి, మేక తింటాను. పంది మాంసం, గొడ్డు మాంసం జోలికి పోను. పిల్లల చదువులు ఒక దరికి చేరాక నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్లాలని ఏళ్ల తరబడి అనుకున్నది గత కార్తీకంలో కుదిరింది.

ఆ రాత్రి నది ఒడ్డున ఒక రెస్టారెంటుకు వెళ్లాం. దీపాల వెలుగు నీళ్లలో పడి ఊగుతోంది. శాకాహారమే కావాలని, చేప, ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దని కాకినాడ రెండుసార్లు చెప్పింది. వాళ్లు తెచ్చింది తూటికూర వేపుడు. మన చెరువుల్లో పెరిగే తూటికూరే, అక్కడ కంకోంగ్ అంటారు. తెనాలి రెండు ముద్దలు తిని ఆగింది. "ఇందులో ఏదో వాసన వస్తోందే" అంది. కాకినాడ ఒక ఆకు తీసి నోట్లో వేసుకుంది. వెంటనే ఆమె ముఖం పాలిపోయింది. బెలచాన్. చిన్న రొయ్యలను ఉప్పులో ఊరబెట్టి, నూరి, ఎండబెట్టిన ముద్ద. మన పోపులో ఇంగువ ఎలాగో అక్కడి వంటలో అది అలాగ. వండినవాళ్ల లెక్కలో అది మాంసం కిందికి రాదు కాబోలు.

తెనాలి ఎవరినీ ఒక్క మాట అనలేదు. వెళ్లి నోరు కడుక్కుని వచ్చి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూర్చుంది. మా ముగ్గురికీ ముద్ద దిగలేదు. తిరిగి వస్తుంటే "మీరెందుకే మానేశారు?" అని మమ్మల్నే కోప్పడింది.

ఇంటికి వచ్చాక కాకినాడ పెరుగన్నం కలిపి అందరికీ చేతిలో ముద్దలు పెట్టింది. అప్పుడు కర్నూలు అంది: "రేపటి నుంచి శాకాహార హోటలుకే వెళ్దాం. నాకేం, ఇడ్లీ చాలు."

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. హైదరాబాద్‌లో ఎప్పుడు కలిసినా మేం వెళ్లేది టిఫిన్ హోటలుకే. తెనాలికి ఇబ్బంది ఉండకూడదని మేమే ఆ ఏర్పాటు చేసుకున్నాం. కర్నూలుకు ఏం తినాలనిపిస్తోందో ఎవరమూ అడిగిన గుర్తు లేదు. తన ఊళ్లో, తన ఇంట్లో వేటమాంసం కూర అంత రుచిగా వండే మనిషి, ఇరవై ఎనిమిదేళ్లుగా మా కోసం ఇడ్లీ తింటోంది. ఆ సంగతి నా మనసుకు తట్టడానికి నేను సముద్రం దాటవలసి వచ్చింది.

మర్నాడు కాకినాడ మమ్మల్ని టెక్కా సెంటర్‌కు తీసుకువెళ్లింది. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మొదట్లోనే ఉంటుంది. టెక్కా అన్నది హొక్కియన్ చైనీయుల మాట నుంచి వచ్చింది, చిన్న వెదుళ్ల మొదలు అని అర్థం. ఒకప్పుడు అక్కడి కాలువ గట్టున వెదుళ్లు ఉండేవట. ఇప్పుడు ఒక పక్క చేపలు, మాంసం, కూరగాయల బజారు. మన బజారులో లాగే కరివేపాకు, మునగకాడలు, అరటిపువ్వులు కుప్పలు పోసి ఉన్నాయి. మరో పక్క వరసలు వరసలుగా చిన్న చిన్న వంట అంగళ్లు, వాటి మధ్య అందరికీ ఉమ్మడిగా బల్లలు. వీటినే హాకర్ సెంటర్లు అంటారు.

ముందు బల్ల పట్టుకోవాలి. కాకినాడ సంచిలోంచి టిష్యూ కాగితాల పొట్లం తీసి ఖాళీ బల్ల మీద పెట్టి నిశ్చింతగా వెళ్లిపోయింది. మన బస్సులో కిటికీలోంచి చేతిరుమాలు వేసినట్టే. అక్కడ దాన్ని చోప్ చేయడం అంటారు. అంత రద్దీలోనూ ఆ పొట్లాన్ని ఎవరూ కదపలేదు.

తరువాత ఎవరి దారిన వాళ్లు వెళ్లి ఎవరిది వాళ్లు తెచ్చుకున్నాం. తెనాలి శాకాహారం అమ్మే తమిళుల అంగడి నుంచి కొబ్బరి పచ్చడితో దోసె తెచ్చుకుంది. దోసెలో ఉల్లి ఉండదు కదా అని మూడుసార్లు అడిగితే, ఆ పెద్దాయన విసుక్కోకుండా మూడుసార్లూ లేదని చెప్పారట. కర్నూలు మటన్ బిర్యానీ తెచ్చుకుంది. అంగడి పైన హలాల్ ముద్ర ఉంది. దాన్ని ఇచ్చేది ముయిస్ అనే ఇస్లామిక్ మత మండలి. ఆ ముద్ర ఉన్నచోట ఆమె ఎవరినీ ఏమీ అడగనక్కర లేదు. ఆ అడగనక్కర లేకపోవడంలో ఎంత హాయి ఉందో ఆమె భుజాలు చూస్తే తెలిసింది. నేను హైనాన్ పద్ధతిలో కోడి అన్నం తెచ్చుకున్నాను. ఉడికీ ఉడకని వేడిలో కోడిని మెల్లగా మగ్గించి, తీసి చన్నీళ్లలో ముంచుతారు. అందుకే చర్మం బిగిసి నున్నగా ఉంటుంది. కోడి కొవ్వులో అల్లం, వెల్లుల్లి వేయించి, కోడి ఉడికిన రసంతోనే అన్నం వండుతారు. చూడటానికి తెల్లగా, పేషెంట్ల భోజనంలా ఉంది. తిన్నాక తెలిసింది, రుచంతా అన్నంలోనే దాగి ఉంది. కాకినాడ చేపల కూర, అన్నం తెచ్చుకుంది.

నాలుగు పళ్లేలు ఒకే బల్ల మీద చేరాయి. మేం కలిసి చదువుకున్నాం, కలిసి ఒకే గదిలో పడుకున్నాం, పెళ్లిళ్లకు, చావులకు ఒకరికొకరం వెళ్లాం. కానీ నలుగురం నాలుగు ఇష్టాలతో, ఎవరూ ఎవరి కోసం తగ్గకుండా ఒకే చోట కూర్చుని తినడం అదే మొదటిసారి. సహపంక్తి భోజనమంటే అందరూ ఒకటే తినడమని నేను అనుకునేదాన్ని.

తిన్న పళ్లేలు మనమే తీసి పెట్టాలి. 2021 నుంచి అది నిబంధన. ట్రేలు పెట్టే అరలు రెండు వేర్వేరుగా ఉన్నాయి. హలాల్ పళ్లేలకు ఒకటి, మిగిలినవాటికి ఒకటి. కడగడంలో కూడా కలవవు. తెనాలి చాలాసేపు ఆ అరల ముందే నిలబడింది. "మా అమ్మమ్మ మడి గిన్నెలు ఇలాగే వేరుగా పెట్టేది. కానీ ఆవిడ గిన్నెలతోపాటు మనుషుల్ని కూడా వేరుగా కూర్చోబెట్టేది" అంది. తరువాత కర్నూలు ట్రే తనే తీసుకుని హలాల్ అరలో పెట్టి వచ్చింది.

ఈ హాకర్ సెంటర్ల వెనక పెద్ద శ్రమే ఉంది. ఒకప్పుడు సింగపూర్ వీధులన్నీ తోపుడు బళ్లే. 1968-69లో లెక్క రాస్తే దాదాపు 18,000 మంది తేలారు. నీటి కుళాయి లేదు, మురుగు పోయే దారి లేదు. 1971 నుంచి 1986 వరకు ప్రభుత్వం వాళ్లను నెమ్మదిగా వీధుల్లోంచి ఈ కప్పుల కిందికి తెచ్చి కుళాయి, కాలువ, కరెంటు ఇచ్చింది. ఇప్పుడు ఊరంతా కలిపి ఇలాంటివి వందకు పైనే ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో ఈ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అయిదారు డాలర్లకు కడుపు నిండుతుంది. ఆఫీసు అధికారీ, టాక్సీ నడిపే పెద్దాయనా ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. నాకు మా హన్మకొండ చౌరస్తాలో మిర్చి బజ్జీల బండి గుర్తుకొచ్చింది. ఆ నూనె కాగే చోట ఒక కుళాయి, ఒక కప్పు ఉంటే చాలు. బండి తీయమని ఎవరో వచ్చి బెదిరిస్తారన్న భయం లేకుంటే చాలు. ఆ చేతుల్లో ఉన్న పనితనం ఇక్కడివాళ్ల పనితనానికి ఏమీ తీసిపోదు. ఇది నేను బాధతోనే రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం రేస్ కోర్స్ రోడ్డులో చేప తలకాయ కూర తిన్నాం. కేరళ నుంచి వచ్చిన వంటవాడు చైనీయులకు చేప తలంటే ఇష్టమని గమనించి కనిపెట్టిన వంట అది. అరటాకు మీద అన్నం, పక్కన చింతపండు పులుసులో ఎర్రటి పెద్ద తలకాయ, బెండకాయలు. కాకినాడ మా వైపు గర్వంగా చూసింది. "మా అమ్మ పులుసులో బెండకాయ వేస్తే మీరు నవ్వారు, గుర్తుందా?" అంది. గుర్తుంది. తెనాలికి అక్కడే ఉల్లి, వెల్లుల్లి లేకుండా సాంబారు, రెండు కూరలు, అప్పడం ప్రత్యేకంగా వచ్చాయి. ఎక్కువ చెప్పడానికి లేదు, అందరం ఆకులు మడిచేదాకా మాట్లాడుకోలేదు.

సాయంత్రం ఎక్కడికి వెళ్లాలో కర్నూలునే చెప్పమన్నాం. ఆమె తడుముకోకుండా "సుల్తాన్ మసీదు ఎదురుగా, జమ్ జమ్" అంది. పుస్తకాల్లో చదివి ఎప్పుడో మనసులో పెట్టుకుందట. 1908 నుంచి ఉన్న హోటలు అది. ముర్తబాక్ అక్కడి ప్రత్యేకత. వీధిలోకే వంటవాడు కనిపిస్తాడు. నూనెలో నానిన పిండి ముద్దను అరచేతితో అదిమి, రెండు చేతులతో గాలిలోకి విసిరి, రాతి బల్ల మీద పరుస్తాడు. మూడో విసురుకు అది ఎంత పల్చబడుతుందంటే కింది రాయి చారలు కనిపిస్తాయి. దాని మీద ఖీమా, ఉల్లిపాయలు, గుడ్డు వేసి నాలుగు వైపులా కవరులా మడిచి పెనం మీదకు జారవిడుస్తాడు. కాలుతుంటే అంచులు బుడగలు తేలి గోధుమరంగుకు తిరుగుతాయి. కర్నూలు కదలకుండా నిలబడి నాలుగు ముర్తబాక్‌లు తయారయ్యేదాకా చూసింది.

లోపల తెనాలి తినగలిగింది ఏమీ లేదు. అల్లం టీ ఒక్కటి చెప్పింది. మేం మొహమాటపడుతుంటే కర్నూలు వైపు తిరిగి "నాకేం, టీ చాలు" అంది. కర్నూలు తింటున్నదల్లా ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కర్నూలు ఎడమచేతితో ఆమె మణికట్టు పట్టుకుని కాసేపు వదలలేదు.

చివరి రోజు కార్తీక సోమవారం. తెనాలికి ఉపవాసం, నక్షత్ర దర్శనమయ్యేదాకా మంచినీళ్లే. కర్నూలు కూడా పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అడిగితే, "హాస్టల్లో రంజాను నెలంతా తెల్లవారుజామున నన్ను సహరీకి లేపింది ఇదే కదా. అలారం మోగినా నేను లేచేదాన్ని కాదు" అంది. అలా చూస్తే నాకూ తినాలనిపించలేదు, కాకినాడకూ అంతే.

సాయంత్రం వాటర్లూ వీధికి వెళ్లాం. 1870 నాటి శ్రీకృష్ణుడి గుడి, దాని పక్కనే చైనీయుల కరుణాదేవత క్వాన్ ఇమ్ గుడి. అక్కడ మొక్కుకున్న చైనీయులు అగరువత్తులు పట్టుకుని ఇటు వచ్చి కృష్ణుడికీ దండం పెడుతున్నారు. తెనాలి దీపం వెలిగించింది. ఏడు గంటలైంది. అది ఈశాన్య రుతుపవనాలకు ముందుండే వానల కాలం, మధ్యాహ్నం కురిసిన వాన మబ్బు ఇంకా కదలలేదు. నలుగురం గుడి బయట నిలబడి తలలెత్తి చూశాం. ఒక్క చుక్క లేదు. ఏడున్నరకు కర్నూలే తేల్చింది: "మబ్బు పట్టి నెలవంక కనబడకపోతే మాకు లెక్క ఉంటుంది. మీకూ ఉంటుంది కదా, చాలు రావే." తెనాలి నవ్వి తీర్థం తీసుకుంది.

దగ్గరలోని ఫార్చ్యూన్ సెంటర్‌లో శాకాహార భోజనశాలలు చాలా ఉన్నాయి. చైనా బౌద్ధుల వంట అది. ఉల్లి, వెల్లుల్లి, ఆ జాతి ఘాటు దినుసులు ఏవీ వేయరు, అవి మనసును చెదరగొడతాయని వాళ్ల నమ్మకం. ఆ మాట కాకినాడ చెప్పగానే తెనాలి నమ్మలేక అంగడిలో ఉన్న పెద్దావిడ వైపు చూసింది. ఆవిడకు మా భాష రాకపోయినా సంగతి అర్థమైంది. వెల్లుల్లి అన్నట్టు వేళ్లతో చూపించి, రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

తెనాలి పిడుగు టీ అన్నం తిన్నది. హక్కా చైనీయుల వంట, లేయ్ చా అంటారు. గిన్నెలో అన్నం, దాని మీద సన్నగా తరిగిన ఆకుకూరలు, బీన్స్, ముల్లంగి ఊరగాయ, సోయా పనీరు, వేయించిన వేరుశనగ పలుకులు వరసలుగా సర్ది ఉంటాయి. పక్కన ఇంకో గిన్నెలో టీ ఆకులు, పుదీనా, తులసి జాతి ఆకు, నువ్వులు కలిపి నూరి వేడినీళ్లు పోసిన పచ్చటి చారు. దాన్ని అన్నం మీద పోసుకోవాలి. మొదటి ముద్దకు చేదు, రెండో ముద్దకు నువ్వుల కమ్మదనం వచ్చిందట. మూడో ముద్ద నుంచి ఆమె మాట్లాడలేదు. సముద్రపు నాచుతో తోలు తొడిగిన సోయా చేపను మా ముగ్గురి కోసం తెస్తే మొదట ఉలిక్కిపడింది, తరువాత దానిలోంచి కూడా ఒక ముక్క తీసుకుంది. ఆ బల్ల మీద ఉన్నదంతా అందరూ తినగలిగినదే. కర్నూలు తన చెంచాతో తెనాలి గిన్నెలోంచి చారు తీసుకుని రుచి చూసింది, తెనాలి ఆ చెంచానే అందుకుని తినడం కొనసాగించింది.

తిరిగి వచ్చిన మూడో వారానికి తెనాలి వంటింటి ఫోటో పంపింది. రోట్లో పుదీనా, తులసి, నువ్వులు, కాసిని టీ ఆకులు. నూరడం కుదిరిందట కానీ చేదు తగ్గలేదట. వచ్చే ఆదివారం ఒకరు వచ్చి రుచి చూసి చెప్పాలంది. కర్నూలు బస్సు టికెట్టు తీసుకుంది, హలాల్ మాంసం తనే తెచ్చి పెరట్లో పొయ్యి పెట్టుకుని వండుతానని రాసింది. పెరట్లో ఎందుకు, నీకోసం వరండాలో కొత్త గ్యాస్ పొయ్యి పెట్టించాను అని తెనాలి జవాబు.