ఆఫీసు అంకెలతో హోటల్‌లో దిగాను

రాత్రి పదిన్నరకు హోటల్ గదికి చేరాను. పొద్దున ఎనిమిదింటి మీటింగ్ లోపు ఒక ఫైల్ పంపాలి. రైల్లోనే పూర్తి చేసి పెట్టుకున్నాను కాబట్టి ఇక పది నిమిషాల పనే కదా అనుకున్నాను.

బల్ల మీది కార్డు చూసి వైఫై పాస్‌వర్డ్ కొట్టాను. కనెక్ట్ అయింది, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. కానీ ఒక్క పేజీ తెరుచుకోదు. ఫోన్‌లో అదే వైఫై పెడితే గది నంబరు, ఇంటిపేరు అడిగే పేజీ వెంటనే వచ్చింది. లాప్‌టాప్‌లో అదీ లేదు. రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి సార్" అన్నారు. రెండుసార్లు చేశాను.

విసుగొచ్చి ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేశాను. దానికీ అదే వరస! తప్పు హోటల్ వాళ్ళది కాదని అప్పుడు గానీ వెలగలేదు.

మా ఆఫీసులో ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో లాప్‌టాప్‌ను గుర్తించే నంబరు, దానంతటదే రాదు. ఒక్కో లాప్‌టాప్‌కు ఒక్కోటి ముందే రాసి పెడతారు. నాది 192.168.10.45. వైఫై సెట్టింగులుండే అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిస్తే అదే దర్జాగా కూర్చుని ఉంది. దాని కింద ఆఫీసు గేట్‌వే (బయటి ఇంటర్నెట్‌కు దారి ఇచ్చేది), ఆఫీసు డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు అంకెల అడ్రస్ వెతికి పెట్టేది). ఊరు మారిన సంగతి దానికేం తెలుసు, ఇక్కడ లేని గేట్‌వేని పిలుస్తూనే ఉంది.

"ఆటోమేటిక్" నొక్కబోయి ఆగాను. నొక్కితే ఈ అంకెలన్నీ పోతాయి. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకుని, అప్పుడు మార్చాను. వెంటనే 192.168.1.23 వచ్చింది. హమ్మయ్య అనుకుని బ్రౌజర్ తెరిస్తే, ఈసారి ప్రాక్సీ సర్వర్ (బ్రౌజర్‌కు, ఇంటర్నెట్‌కు మధ్య ఆఫీసు పెట్టిన మధ్యవర్తి) పలకడం లేదంటుంది. అవును మరి, ఆఫీసు ప్రాక్సీ సెట్టింగ్ ఉండేది వేరే చోట, ఐపీ మార్చినంత మాత్రాన అది పోదు. దాన్నీ ఆపేశాక లాగిన్ పేజీ కనిపించింది. ఫైల్ వెళ్ళేసరికి పన్నెండు దాటింది.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్ వైఫై మాత్రం మారు మాట్లాడకుండా కలిసింది. పబ్లిక్ నెట్‌వర్క్ అని పెట్టుకున్నాను, అంతమంది మధ్య నా ఫోల్డర్లు ఎవరికీ కనబడకూడదని.

ఆఫీసుకొచ్చాక కథ తిరగబడింది. ఐపీ 169.254తో మొదలవుతోంది. అడ్రస్ ఇచ్చేవాళ్ళు దొరకనప్పుడు విండోస్ తనకు తానే పెట్టుకునే అడ్రస్ అది. ధీమాగా ఫోన్‌లో ఆ రాత్రి తీసిన ఫొటో తెరిచాను. గేట్‌వే చివరి అంకెల మీద సరిగ్గా హోటల్ ట్యూబ్‌లైట్ మెరుపు! పక్క సీటాయన లాప్‌టాప్‌లో చూసి 254 అని రాసుకున్నాను.

వాటిని కొట్టబోతుంటే పైన ఇంకో ట్యాబ్ కనిపించింది: ఆల్టర్నేట్ కాన్ఫిగరేషన్. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. ఎలా చూస్తాను, ఆటోమేటిక్‌లో ఉంటేనే అది కనబడుతుంది, నాదెప్పుడూ ఆఫీసు అంకెల మీదే ఉండేది. ఆ అంకెలు అందులో పెట్టేశాను. ఇప్పుడు లాప్‌టాప్ ముందు అడ్రస్ అడిగి చూస్తుంది, ఎవరూ ఇవ్వకపోతే ఆఫీసుదే తీసుకుంటుంది. పొద్దున్నే కాసేపు ఆగాల్సి వస్తుంది, అంతే.

ప్రాక్సీ మాత్రం దీనితో మారదు. బయల్దేరే ముందు చేత్తో ఆపాలి. ఆ తర్వాతి ప్రయాణంలో మర్చిపోయాను కూడా. కానీ ఆసారి రిసెప్షన్‌కు మాత్రం ఫోన్ చేయలేదు.