ఫాలిరో నుంచి ఇరినీ దాకా

2009 ఏప్రిల్ నెలాఖరులో మా ఓడ మరమ్మతుల కోసం గ్రీసులోని పిరేయస్ రేవు పక్కనే ఉన్న పెరామా యార్డుకు చేరింది. విశాఖపట్నం విడిచి అప్పటికి ఏడు నెలలు గడిచిన నాకు, నేల మీద రెండు వారాలు ఉండే అవకాశమే పెద్ద వరంగా తోచింది. యార్డు తరఫున మా ఇంజిన్ గదికి పనికి వచ్చే ఫిట్టర్లలో తల నెరిసిన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఓడల మీద పనిచేసి నేర్చుకున్న ఇంగ్లీషుతో నాతో మాట కలిపి, మూడో రోజుకే నన్ను మనవాడిగా చేసుకున్నారు. ఆయన కొడుకుకు రాత్రి డ్యూటీ పడడంతో మిగిలిపోయిన టికెట్టు ఒకటి నా చేతిలో పెట్టి, మే 2వ తేదీ శనివారం తనతో రమ్మన్నారు. అది గ్రీకు కప్పు ఫుట్‌బాల్ ఫైనల్. పోటీ పిరేయస్ జట్టు ఒలింపియాకోస్‌కూ, ఏథెన్స్ జట్టు ఏఈకేకూ మధ్య.

ఆట రాత్రికి కదా అని నేను సాయంత్రం బయలుదేరుదామంటే ఆయన ఒప్పుకోలేదు. ముందుగా చూడవలసిన చోటు ఒకటి ఉందని చెప్పి, మధ్యాహ్నమే నన్ను ఫాలిరో స్టేషన్‌కు తీసుకువెళ్ళారు. స్టేషన్ ఎదురుగానే ఒలింపియాకోస్ సొంత మైదానం కరైస్కాకిస్ ఉంది. 2004 ఒలింపిక్స్ కోసం పాతదాన్ని పూర్తిగా పడగొట్టి మళ్ళీ కట్టారు. అక్కడ స్మారక చిహ్నం ముందు ఆయన నిలబడ్డారు. 1981 ఫిబ్రవరి 8న ఇదే ఏఈకే మీద ఒలింపియాకోస్ 6-0 తేడాతో గెలిచింది. ఆట ముగిసే వేళ, గెలిచిన ఆటగాళ్ళను దగ్గర నుంచి చూడాలన్న ఆత్రంతో ఏడో గేటు మెట్ల మీదుగా కుర్రవాళ్ళు కిందికి పరుగు తీశారు. ముందున్నవారు పడిపోయారు, వెనకవారికి ఆ సంగతి తెలియలేదు, గేటు పూర్తిగా తెరిచి లేదని బతికి బయటపడ్డవారు ఈనాటికీ చెబుతారు. ఆ తొక్కిసలాటలో 21 మంది చనిపోయారు. ఆ రోజు ఆయన కూడా అదే గేటు వైపు కూర్చున్నారట. చెప్పులు జారిపోతే వెతుక్కోవడానికి ఆగానని, ఆ ఆగడమే తనను బతికించిందని మాత్రం చెప్పి, తక్కిన సంగతి చెప్పకుండానే స్టేషన్ వైపు నడిచారు. కొత్త మైదానంలో ఎర్ర కుర్చీల మధ్య నల్ల కుర్చీలతో 7 అంకె ఉంటుందనీ, ఏటా ఫిబ్రవరి 8న ఇక్కడ జనం చేరి, ‘సోదరులారా, మీరు బతికే ఉన్నారు, మమ్మల్ని నడిపించేది మీరే’ అని ఎలుగెత్తి పలుకుతారనీ రైలెక్కాక చెప్పారు.

ఆ రైలు గురించి కొంచెం చెప్పాలి. పిరేయస్ నుంచి కిఫిసియా దాకా పోయే ఈ ఆకుపచ్చ మార్గంలో తొలి భాగం 1869లోనే మొదలైంది. రేవు దగ్గర బయలుదేరి, ఫాలిరో దాటి, ఆక్రోపోలిస్ కొండ కింది నుంచి మొనాస్తిరాకి, ఒమోనియా మీదుగా నగరాన్ని నిలువునా కోసుకుంటూ ఉత్తరానికి పోతుంది. రేవు వాళ్ళ ఊరూ, ఏఈకే వాళ్ళ పేటకు దగ్గరి స్టేషన్ పెరిసోసూ, ఫైనల్ జరిగే ఒలింపిక్ స్టేడియానికి దిగవలసిన ఇరినీ స్టేషనూ అన్నీ ఈ ఒక్క పట్టాల జత మీదే ఉన్నాయి. ఒమోనియా దాకా పెట్టెలో ఎరుపు తెలుపు చారల చొక్కాలే కనిపించాయి. పెరిసోస్‌లో ప్లాట్‌ఫారం మీద పసుపు నలుపు కండువాలు కనబడగానే మా పెట్టెలో పాట ఆగి, తలుపుల దగ్గర పోలీసులు సర్దుకుని నిలుచున్నారు. తలుపులు తెరుచుకున్న ఆ అర నిమిషం పెద్దాయన నా మోచేతిని వదలలేదు. ‘ఇరినీ’ అంటే గ్రీకులో శాంతి అని ఆయన అప్పుడే చెప్పారు.

స్టేడియం బయట సువ్లాకి మాంసం ముక్కలు కాల్చే బొగ్గుల పొగ, పొద్దుతిరుగుడు గింజల పొట్లాలు అమ్మే కేకలు. లోపల మాత్రం నాకు మాట రాలేదు. 1896 తొలి ఒలింపిక్స్‌లో మారథాన్ గెలిచిన స్పిరోస్ లూయిస్ పేరు పెట్టిన మైదానం అది. పైన స్పెయిన్ వాస్తుశిల్పి కలత్రావా రూపకల్పన చేసిన రెండు పెద్ద తెల్లని వంపులకు పైకప్పు వేలాడుతూ ఉంటుంది. తమ మైదానం లేని ఏఈకే అప్పట్లో తన ఆటలు అక్కడే ఆడేది కాబట్టి, కప్పు ఫైనల్ తటస్థ వేదిక మీద జరిగినట్టు ఒలింపియాకోస్ వారికి అనిపించలేదు. ఒక కొసన వారు, మరో కొసన మేము, నడుమ ఖాళీ కుర్చీల వరుసలు, వాటిలో హెల్మెట్లు పెట్టుకున్న పోలీసులు. రెండు వైపులా వెలిగించిన ఎర్రని మంటకర్రల పొగ వల్ల ఆట మొదట్లో బంతి సరిగా కనిపించలేదు.

ఏఈకే బెంచి మీద కూర్చున్నది దుషాన్ బాయెవిచ్. 1989లోనూ, 1992 నుంచి వరుసగా మూడేళ్ళూ అదే ఏఈకేను ఛాంపియన్‌గా నిలిపిన శిక్షకుడు, 1996లో ఒలింపియాకోస్‌కు వెళ్ళి అక్కడా టైటిళ్ళు గెలిపించారు. ఆ వెళ్ళడాన్ని ద్రోహంగా భావించిన ఏఈకే అభిమానుల్లో కొందరు, ఆయన తిరిగి వచ్చి తమ జట్టుకే పనిచేస్తున్నా మనసు మార్చుకోలేదట. ఒకే మనిషిని రెండు కొసలవారూ ఒకప్పుడు నెత్తిన పెట్టుకుని, ఒకప్పుడు తిట్టుకున్నారన్న సంగతి విన్నాక, ఆట సాగినంతసేపూ నా చూపు మాటిమాటికీ ఆయన మీదికే పోయింది.

మొదట ఏఈకే రెండు గోల్స్ చేసింది. మా వైపు నిశ్శబ్దం ఎంత బరువుగా ఉందంటే, అవతలి కొస డప్పులు మా మధ్యలోనే మోగుతున్నట్టు వినిపించాయి. విరామం తర్వాత ఒలింపియాకోస్ రెండూ తీర్చింది. చివర్లో ఏఈకే 3-2 చేసింది. చుట్టూ మనుషులు కండువాలు మడిచి లేవసాగారు. పెద్దాయన లేవలేదు. ఇంగ్లండ్ జట్టు బ్లాక్‌బర్న్ నుంచి అరువు మీద వచ్చిన మాట్ డర్బీషైర్, మరొకరికి బదులుగా మైదానంలోకి దిగిన ఆ ఇంగ్లీషు కుర్రవాడు, ఆట ఆగిన వేళకు బదులు చివర కలిపే ఇంజురీ టైం ఆరో నిమిషంలో బంతిని గోల్‌లోకి పంపాడు. నా మీద ఎవరెవరు పడ్డారో, నేను ఎవరి మీద పడ్డానో తెలియదు. లేచి చూసేసరికి ముందు వరుసలో ఉన్నాను. ఎక్స్‌ట్రా టైంలో చెరొక గోలు పడి 4-4 అయింది.

తర్వాత పెనాల్టీలు. క్రికెట్ చూస్తూ పెరిగిన నాకు ఐదేసి కొట్టి తేల్చేస్తారని మాత్రమే తెలుసు. ఐదు అయ్యాయి, తేలలేదు. పది అయ్యాయి, తేలలేదు. ఆటగాళ్ళ వంతులన్నీ ముగిసి, కొట్టినవారే మళ్ళీ కొట్టడానికి రావలసి వచ్చింది. మధ్య గీత దగ్గర భుజాల మీద చేతులు వేసుకుని నిలుచున్న వరుస నుంచి ఒక్కొక్కరు విడివడి అంత దూరం ఒంటరిగా నడిచి రావడం, ఆ నడకే నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది. పెద్దాయన మొదట వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఆ తర్వాత లెక్క మాని, ప్రతి కిక్కుకూ గోల్ వైపు వీపు తిప్పి నా ముఖంలోకి చూడసాగారు. నా ముఖం చూసే ఆయన ఫలితం తెలుసుకుంటున్నారు. 34 కిక్కులు పడ్డాయి, వాటిలో 29 గోల్స్ అయ్యాయి. 2004లో గ్రీసు యూరో కప్పు గెలిచినప్పటి గోల్‌కీపర్, నెరిసిన జుట్టు ఆంతోనిస్ నికోపోలిదిస్, 38 ఏళ్ళ వయసులో తన వంతు పెనాల్టీని తానే గోల్ చేశాడు. చివరికి ఏఈకే ఆటగాడు పెలెత్తియేరి కొట్టిన బంతిని ఆపాడు. 15-14. ఒలింపియాకోస్‌కు అది 24వ కప్పు. లీగు టైటిల్ కూడా ఆ ఏడాది వారిదే.

గెలుపు తెలియడానికి పెద్దాయనకు నా ముఖం సరిపోలేదు. రెండు సార్లు అడిగారు. ఔనన్నాక కుర్చీలో కూర్చుండిపోయి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నారు. ఆయన కొడుకు డ్యూటీ దిగి కారు తెచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. దారిలో కరైస్కాకిస్ దగ్గర ఆపించి, ఒక్క నిమిషం దిగి, తిరిగి వచ్చి కూర్చున్నారు. మేము దిగలేదు.

మర్నాడు ఆదివారం నాకు మరో ఆలోచన కలిగింది. ఒక వైపు కథ వినడం సరే, అవతలి వైపు సంగతి ఏమిటి? ఒంటరిగా అదే ఆకుపచ్చ రైలెక్కి పెరిసోస్‌లో దిగి, దారి అడుగుతూ నేయా ఫిలదెల్ఫియాకు నడిచాను. 1922లో ఆసియా మైనర్‌లోని గ్రీకులు ఇళ్ళూ ఊళ్ళూ వదిలి పారిపోయి రావలసి వచ్చినప్పుడు, అలా వచ్చిన శరణార్థుల కోసం వెలసిన పేట అది. ఆ శరణార్థులలో కాన్‌స్టాంటినోపుల్ వారు 1924లో స్థాపించిన క్లబ్బే ఏఈకే. పేరులోని చివరి అక్షరం ఆ పోగొట్టుకున్న నగరానిదే, చొక్కా మీది రెండు తలల గద్ద బైజాంటియం గుర్తు. 1932లో గ్రీకు కప్పును మొట్టమొదట గెలిచింది కూడా ఈ జట్టే. వారి పాత మైదానం నికోస్ గూమాస్‌ను 2003లో కూల్చేశారు. నేను వెళ్ళినప్పుడు అక్కడ గడ్డి మొలిచిన ఖాళీ స్థలం తప్ప ఏమీ లేదు. అభిమానులు తమ గుంపుకు పేరుగా పెట్టుకున్న 21వ గేటు ఒకప్పుడు ఆ స్థలంలోనే ఎక్కడో ఉండేది. ఫాలిరోలో చనిపోయినవారి లెక్కగా విన్న అంకే ఇక్కడా ఎదురవడంతో, కంచె పట్టుకుని కొంతసేపు అక్కడే నిలబడిపోయాను.

ఎదురుగా ఉన్న కాఫీ దుకాణంలో ఒక్కరే గిరాకీ ఉన్నారు, నల్ల కోటు వేసుకున్న వృద్ధుడు. నేను ఏ దేశమని సైగలతో అడిగి, కుర్చీ జరిపి, తనకు వచ్చిన చిన్న కప్పు లాంటిదే నాకూ తెమ్మన్నారు. ఆయన ముందు ఆనాటి పత్రిక పరిచి ఉంది. పుటలో ఒక పక్క 34 వరుసల పట్టిక. పెన్సిలుతో మొదటి వరుస దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క పేరూ పెదవులు కదిలేలా చదువుతూ, టిక్కు పెడుతూ, కిందికి వస్తున్నారు.