లౌడన్ కౌంటీలో ఇంటింటికీ తిరిగాను: నా అనుభవం

2024 అమెరికా అధ్యక్ష ఎన్నికలై వారం కూడా కాకముందు రాసిన మాటలివి. మంట చల్లారకముందే రాసేశా. వర్జీనియాలో మా లౌడన్ కౌంటీలో ఆ ఎన్నికల్లో డెమొక్రాట్ల తరఫున, కమలా హ్యారిస్ కోసం ఇంటింటికీ తిరిగి ఓట్లడిగాను. పేరివ్వడం, యాప్ వేసుకోవడం, జూమ్‌లో శిక్షణ, ఇవన్నీ ఇట్టే అయిపోతాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. కరపత్రం మెయిల్‌బాక్సులో పెట్టకూడదు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. తలుపు దగ్గరే పెట్టి రావాలి.

తలనొప్పంతా ఎవరిళ్ళకు వెళ్ళాలో చెప్పే లిస్టుతోనే. వర్జీనియాలో ఓటు నమోదు చేసుకునేటప్పుడు ఏ పార్టీ అని అడగరు. అందుకని ఎవరు ఎటువైపో పార్టీలు ఊహించుకోవాల్సిందే. వయసు, వీధి, ఇంతకుముందు ఏ పార్టీ ప్రైమరీలో (అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓటేశారు, ఇలాంటివి చూసి మార్కులు వేస్తారు. నాకిచ్చిన లిస్టులో తెలుగు పేరు కనిపిస్తే చాలు, దాదాపు డెమొక్రాట్లే అన్నట్టు మార్కులున్నాయి. ఆ లెక్కలు కట్టినవాళ్ళు ఏ తెలుగింట్లోనూ కాఫీ తాగి ఉండరు.

ఆష్‌బర్న్‌లో ఒకింటి లిస్టులో పంతొమ్మిదేళ్ళ అమ్మాయి పేరొక్కటే ఉంది. తలుపు తీసింది వాళ్ళ నాన్న. ఆయన గ్రీన్‌కార్డు క్యూలోనే ఏళ్ళుగా ఉన్నారు, ఓటు లేదు. డేటా సెంటర్ల హోరు, ఇంటి పన్ను, ఇజ్రాయెల్ అన్నీ మాట్లాడారు. ఓటున్న అమ్మాయి మాత్రం మేడ దిగి రాలేదు.

ఇక దీపావళి వారాంతం. ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, బయట చెప్పుల గుట్ట. ఆ చెప్పులు చూసే వెనక్కి తిరగాల్సింది అనుకుంటారేమో. లిస్టులో ఆ ఇల్లుంది, బెల్లు కొట్టాను. అరవై దాటిన అంకుల్ ఒకాయన తలుపు తీశారు. నేను తెలుగులో మొదలుపెట్టగానే మొహం విప్పారింది.

"ఏ ఊరమ్మా మీది?"

"తెనాలి దగ్గరండీ."

"ఇంటిపేరు?"

చెప్పాను. ఆయన తల ఒకసారి పైకీ కిందికీ ఊగింది. నా కులం, ఆంధ్రాలో నా పార్టీ అన్నీ తేలిపోయాయన్నమాట. "మొన్న జూన్‌లో ఆంధ్రాలో కూటమికి 164 సీట్లు వచ్చాయి చూశావుగా" అంటూ లోపలికి తీసుకెళ్ళారు. బేస్‌మెంట్‌లో పేకాట. "ఒరేయ్, ఈ అమ్మాయి కమల కోసం తిరుగుతోందిరా" అని అందరికీ చూపించారు.

ఒకాయన ముక్కలు చేతిలోంచి దించకుండానే అడిగారు: "గంటకెంతిస్తారమ్మా?"

డబ్బులేమీ లేవండీ, వాలంటీర్‌నని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "హెచ్4 ఏమో పాపం, ఖాళీగా కూర్చోలేక..." అని ఇంకొకాయన పక్కవాళ్ళతో అన్నారు, నాకు వినపడేలాగే. ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా అది. "మీ ఆయనకి తెలుసా ఇలా తిరుగుతున్నట్టు?" ఇది ఆంటీ. నేను పదిహేనేళ్ళుగా డేటా ఇంజినీర్ని. ఇక్కడి పౌరసత్వం మా ఇంట్లో నాకే ముందొచ్చింది. అదంతా చెప్తే సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంటుందని ఊరుకున్నాను. ఊళ్ళో ఓటుకు నోటు చూసి చూసి, ఓటడిగేవాళ్ళంతా కూలికొచ్చినవాళ్ళే అని మనవాళ్ళకి ఖాయమైపోయింది. అక్కడి రాజకీయాలు చెడిపోయాయని రోజూ వాపోయేదీ వీళ్ళే.

అంకుల్ అసలు మాట చివర్లో బయటపెట్టారు. "మన అల్లుడు నిలబడితే నువ్వు అవతలివాళ్ళకి తిరుగుతావేంటమ్మా?" రిపబ్లికన్ల తరఫున ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జేడీ వాన్స్ భార్య ఉష గారి పూర్వీకులది తణుకు దగ్గర వడ్లూరు కదా, ఆ అల్లుడు. కమల అమ్మగారు చెన్నైవారండీ అంటే, "అరవవాళ్ళు మనకేం చేశారు?" అన్నారు. మరి అమెరికా పార్లమెంటుకి, అదే కాంగ్రెస్‌కి, మా వైపు నుంచి నిలబడ్డ సుహాస్ సుబ్రమణ్యం? ఆయనకి మాత్రం వేస్తానన్నారు, గుళ్ళో కనిపించారట!

వెళ్ళేటప్పుడు డబ్బాలో పులిహోర పెట్టిచ్చారు. తిన్నాను. బాగుంది. కోపం మాత్రం తగ్గలేదు.

అయితే ఆయన మాటల్లో ఒకటి నిజంగా ఆలోచించాల్సింది ఉంది. పక్క ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో పేరుమోసిన థామస్ జెఫర్సన్ (టీజే) ప్రభుత్వ హైస్కూల్లో ప్రవేశ పరీక్ష 2020లో ఎత్తేసింది డెమొక్రాట్ల వైపువాళ్ళేనని ఆయన కోపం. లౌడన్ పిల్లలూ ఆ సీట్లకు పోటీ పడతారు, మన ఇళ్ళల్లో అది చిన్న విషయం కాదు. ఈ కౌంటీ ఒకప్పుడు పక్కా రిపబ్లికన్. 1964లో జాన్సన్ తర్వాత ఇక్కడ నెగ్గిన డెమొక్రాట్ 2008లో ఒబామానే. డల్లెస్ విమానాశ్రయం వైపు కాలనీలు పెరిగి, మనలాంటివాళ్ళు వచ్చి చేరాక తూర్పు భాగం నీలమైంది, అంటే డెమొక్రాట్లదైంది. గుర్రాల పొలాలు, ద్రాక్షతోటలుండే పర్సెల్‌విల్ వైపు ఇప్పటికీ ఎరుపే, రిపబ్లికన్లదే. 2020లో బైడెన్‌కు ఇక్కడ 25 పాయింట్ల ఆధిక్యం వచ్చింది. మరుసటేడే గవర్నర్ ఎన్నికల్లో స్కూళ్ళ గొడవ రేగితే, రిపబ్లికన్ అభ్యర్థి యంగ్‌కిన్ ఆ డెమొక్రాట్ల ఆధిక్యాన్ని 11కి దించేశారు. అప్పుడే మేలుకోవాల్సింది.

ఎన్నికల రోజు, మంగళవారం రాత్రి టీవీలన్నీ మా కౌంటీనే పట్టుకున్నాయి, లెక్క తొందరగా తేలింది కాబట్టి. హ్యారిస్‌కు 56 శాతం దాకా, ఆధిక్యం 16 పాయింట్లు. సుబ్రమణ్యం నెగ్గారు. అంకుల్ రెండు మాటలూ నిలబెట్టుకున్నట్టే ఉంది.

సెప్టెంబరు 20న ముందస్తు ఓటింగు మొదలైన సంగతే తెలియని కుటుంబాల చేత నేను ఓటు వేయించాను. ఆ మాట మాత్రం గట్టిగానే చెప్పుకుంటా. వర్జీనియాలో ఏటా ఏదో ఒక ఎన్నిక ఉంటుంది, 2025లో గవర్నర్‌ది. తిరగాలనుకునేవాళ్ళు మంచినీళ్ళ సీసా పట్టుకెళ్ళండి. ఏ ఊరని అడిగితే ఆష్‌బర్న్ అని చెప్పండి.