పాత జిప్సీ షాకబ్జర్లు: వెనక సెట్టింగు కుదిరింది

వెనక షాకబ్జర్ల సెట్టింగు మొత్తానికి ఒక కొలిక్కి వచ్చింది. ముందువి ఇంకా మిగిలాయి. బండి పాత మారుతి జిప్సీ కింగ్, 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను. నాలుగు చక్రాలకీ కమాన్ పట్టీలే (విల్లులా వంగిన ఉక్కు పట్టీల కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు), కాయిల్ స్ప్రింగ్ ఎక్కడా లేదు. కొన్నప్పుడే దానికి గట్టిదనం మార్చుకునే నాబ్ ఉన్న షాకబ్జర్లు వేసి ఉన్నాయి. నాబ్‌కి తొమ్మిది మెట్లు: 1 అంటే బాగా మెత్తన, 9 అంటే బాగా గట్టి. నాకు కావలసిందల్లా అమ్మ నడుం పట్టేయకుండా అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్లి రావడం.

మా రోడ్ల సంగతి చెప్పకపోతే ఈ అంకెలకి అర్థం ఉండదు. కోనసీమలో చాలా రోడ్లు కాలవ గట్ల మీదే ఉంటాయి. కింద నల్లమట్టి. వేసవిలో కాలవలకి నీళ్లు ఆపేశాక గట్టు ఎండి బీటలు తీస్తుంది, వానలకి మళ్లీ ఉబ్బుతుంది. తారు కాలవ వైపు కుంగి ఎత్తుపల్లాలు తేలుతుంది. దాని మీద ప్యాచ్‌లు, రొయ్యల లారీలు తొక్కిన గాళ్లు. ఒకే కిలోమీటరులో పెద్ద ఊపులూ ఉంటాయి, వరసగా చిన్న దెబ్బలూ ఉంటాయి. మొదటిదానికి షాకబ్జర్ గట్టిగా ఉండాలి, రెండోదానికి మెత్తగా ఉండాలి.

నాబ్ తిప్పడానికి ముందు పట్టీల పని పెట్టుకున్నాను. బరువు మోసేది పట్టీ. షాకబ్జర్ బరువు మోయదు, పట్టీ ఊగుతున్నప్పుడు ఆ ఊపుని లోపలి ఆయిల్‌లో వేడిగా మార్చి అణుస్తుంది, అంతే. ఉప్పుగాలికి పట్టీల మధ్య తుప్పు పేరుకుంటే అవి ఒకదాని మీద ఒకటి జారవు. చిన్న దెబ్బ నేరుగా ఛాసిస్‌కి, అక్కణ్ణించి వెన్నుకి వచ్చేస్తుంది. అప్పుడు నాబ్ 1లో పెట్టినా ఒరిగేదేం లేదు. వెనక కట్టలు రెండూ విప్పించి, వైర్ బ్రష్‌తో తుప్పు గీకించి, గ్రాఫైట్ గ్రీజు రాసి, పట్టీల చివర్ల దగ్గర నైలాన్ ముక్కలు పెట్టించాను. షాకిల్ బుష్‌లు (పట్టీ చివరని ఛాసిస్‌కి కలిపే లింకులోని రబ్బరు ముక్కలు) కూడా కొత్తవి. "బండి నేల మీదకి దించాక బిగిద్దామండీ, జాకీ మీద బిగిస్తే రబ్బరు మెలిపడిపోద్ది" అన్నారు మేస్త్రీ గారు. నూటికి నూరుపాళ్లూ నిజం. మెలిపడిన బుష్ బండిని బిరుసు చేస్తుంది, తొందరగా చిరిగిపోతుంది కూడా.

టైర్లలో 30 పీఎస్ఐ ఉండేది. పొద్దున్నే టైరు చల్లగా ఉండగా కొలిచి 24కి దించాను. పైసా ఖర్చు లేకుండా ఇంత తేడా ఇచ్చింది ఇంకేదీ లేదు. నిండా జనంతో హైవే ఎక్కేటప్పుడు మాత్రం 28 పెడుతున్నాను.

ఇక నాబ్. బంపరు నొక్కి వదిలి చూడటం కమాన్ పట్టీల బండికి పనికిరాదు. పట్టీల రాపిడే ఊపుని ఆపేస్తుంది, షాకబ్జర్ సంగతి తెలియదు. అందుకే ఒకే రోడ్డు, ఒకే స్పీడు, ఒకసారికి ఒకే మార్పు. వెనక 6 మీద ఉన్నప్పుడు వరస ప్యాచ్‌ల మీద మొదటి దెబ్బ ఫరవాలేదు, నాలుగోది మాత్రం దారుణంగా తగిలేది. కారణం, కుంగిన పట్టీని షాకబ్జర్ త్వరగా తిరిగి లేవనివ్వడం లేదు. అది పూర్తిగా లేచేలోపే ఇంకో దెబ్బ పడుతుంది, బండి మెట్టుమెట్టుగా కిందికి దిగిపోతుంది. 2కి తెస్తే ప్యాచ్‌లు హాయిగా దాటింది కానీ గట్టు మీద 50లో వెళ్తుంటే ప్రతి ఎత్తు తర్వాతా రెండోసారి ఊగింది. 3 మీద ఒక్క ఊపుతో సర్దుకుంది. ఇద్దరం ఉంటే 3, వెనక నలుగురు కూర్చుంటే 5.

షాకబ్జర్ రాడ్ మీది రబ్బరు తొడుగు పైకి లాగి, రాడ్‌కి చిన్న జిప్ టై కట్టాను. బండి తిరిగొచ్చాక అది ఎంత జరిగిందో చూస్తే లోపలికి ఎంత ప్రయాణించిందో తెలుస్తుంది. 3 మీద ఇంకా రెండు వేళ్ల ఖాళీ మిగిలింది. ఇంకో పరీక్ష: ఆపగానే రెండు వైపులా షాకబ్జర్ ఒంటిని చేత్తో ముట్టుకోవడం. రెండూ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి చల్లగా ఉంటే అది పని చేయడం లేదన్నమాట. సీల్ చుట్టూ దుమ్ము తడిగా అతుక్కుని ఉంటే ఆయిల్ కారుతున్నట్టే, అలాంటిదానికి నాబ్ తిప్పి లాభం లేదు.

షాకబ్జర్ కింది బోల్టులు ఉప్పుకి బిగుసుకుపోతాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచడం మంచిది. తిరిగి పెట్టేటప్పుడు కాపర్ గ్రీజు రాస్తే తర్వాత ఊడదీయడం తేలిక.

ముందు వైపు ఇంజను బరువు ఉంది కాబట్టి లెక్క వేరు. 3 మీద పెడితే కాలవ వైపు వాలు ఉన్నచోట స్టీరింగ్ అటే లాగుతున్నట్టు అనిపించింది, బ్రేక్ వేస్తే ముక్కు దించేసింది. ముందు కట్టలు ఇంకా విప్పలేదు, బుష్‌లు పాతవే. అవి మార్చాకే ముందు సెట్టింగు చూడాలి. అప్పటిదాకా 4లోనే ఉంచుతున్నాను.